కళింగపట్నం రేవు సూచిక నుండి యంత్రతపాలా వరకు

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చినవంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరవాసులకు ఒక వాక్యం చిరపరిచితం. “కళింగపట్నం రేవులో మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు” అని పత్రికలు ప్రకటిస్తవి. ఆ మాట చెవిన పడగానే వేటకు పోవలసినవారు నావలను ఒడ్డుకు ఎక్కించుకుంటారు. పిల్లలు బడికి సెలవు ఇస్తారేమోనని ఎదురు చూస్తారు. ఇంతకూ ఆ మూడవ నంబరు అంటే ఏమిటి? ఒక్క అంకె ఇంత వార్తను ఎట్లా మోయగలుగుతున్నది?

ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ పోతే, ఈనాడు కంప్యూటర్లు మన పేరు పెట్టి, మన ఊరు పేరు వేసి, మనిషి చేయి పడకుండానే పంపుతున్న ఈమెయిలు దాకా వస్తాము. రేవు స్తంభానికీ, ఈ యంత్రతపాలాకూ నడుమ నూటయాభై ఏండ్ల దూరం ఉన్నప్పటికీ, రెండింటి వెనుకనున్న సమస్యలు మూడే. వార్తకు ఒక నిర్ణీతమైన రూపం ఉండవలెను. అది సరియైన చిరునామాకు పోవలెను. చేరినదో లేదో పంపినవారికి తెలియవలెను. ఈ మూడింటిని మానవుడు ఎట్లా సాధించుకుంటూ వచ్చాడో చూద్దాము.

రేవు స్తంభం చెప్పే పదకొండు మాటలు

1864వ సంవత్సరం బంగాళాఖాత తీరానికి దుర్వత్సరం. అక్టోబరు 5వ తేదీన కలకత్తా మీద, నవంబరు 1వ తేదీన బందరు మీద భయంకరమైన తుపానులు విరుచుకుపడినవి. వేలాది ప్రజలు ఉప్పెన పాలైనారు. ఆ మరుసటి ఏడు, అనగా 1865లో, కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు అందజేసే ఏర్పాటు మొదలైనది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. 1886 నాటికి ఈ హెచ్చరికల పద్ధతి దేశంలోని రేవులన్నింటికీ విస్తరించినది.

రేవు సూచికలు మొత్తం పదకొండు. ఎక్కడో దూరాన సముద్రం మీద అల్పపీడనం బలపడి వాయుగుండమైతే ఒకటవ నంబరు. అది తుపానుగా మారితే రెండవది. ఈదురుగాలుల తాకిడి రేవుకే కలిగేటట్లుంటే మూడవది, రేవుకు తుపాను బెడద ఉంటే నాలుగవది. అయిదు, ఆరు, ఏడు నంబర్లు ప్రమాద సూచికలు. తుపాను ఏ పక్కగా తీరం దాటనున్నదో కూడ అవి తెలుపుతవి. రేవు తుపాను దారికి ఎడమ ప్రక్కన పడితే అయిదు, కుడి ప్రక్కన పడితే ఆరు, తుపాను నేరుగా రేవు మీదికే వస్తే ఏడు. తుపాను మరింత తీవ్రమైనదైతే ఆ వరుసలోనే ఎనిమిది, తొమ్మిది, పది. పగటివేళ శంకువుల ఆకారంలోను, పీపాల ఆకారంలోను ఉండే గుర్తులను స్తంభానికి వ్రేలాడదీస్తారు. రాత్రివేళ ఎర్రని, తెల్లని దీపాలు వెలిగిస్తారు.

అన్నింటిలోను ఆలోచింపదగినది పదకొండవ నంబరు. “వాతావరణ కేంద్రంతో మాకు సంబంధం తెగిపోయినది, వాతావరణం చెడిపోయే ప్రమాదం ఉన్నదని ఇక్కడి అధికారి భావిస్తున్నాడు” అని దాని అర్థం. వార్త రాకపోవడం కూడ ఒక వార్తయే అని ఈ పద్ధతిని రూపొందించినవారు గుర్తించారు. పంపే ఏర్పాటు విఫలమైతే ఆ వైఫల్యాన్ని తెలిపే మాట కూడ ముందుగానే ఏర్పరచుకోవలెననే ఈ తెలివిడి, తరువాత కాలంలో కంప్యూటరు తపాలాకు కూడ పునాది అయినదని ముందు చూస్తాము.

తంతి వార్తలు, నింపిన ఖాళీలు

రేవులో ఏ నంబరు ఎగురవేయవలెనో చెప్పేది తంతి. మన దేశంలో 1850లో కలకత్తాకూ డైమండు హార్బరుకూ నడుమ తొలి ప్రయోగాత్మక తంతిమార్గం వేశారు. 1855 నుండి సామాన్య ప్రజలకు కూడ ఈ సౌకర్యం లభించినది. తంతిలో మాటకింత అని రుసుము. అందువల్ల మాటలు తగ్గించే ఉపాయాలు పుట్టినవి. వాతావరణ పరిశీలన కేంద్రాలు గాలి దిశ, వేగం, వాయుపీడనం, ఉష్ణోగ్రత, మబ్బుల వివరాలను అయిదేసి అంకెల గుంపులుగా మార్చి పంపేవి. ఏ గుంపులో ఏ స్థానంలో ఉన్న అంకెకు ఏమి అర్థమో అందరికీ ముందే తెలుసు. కనుక ఒక్క మాట కూడ రాయకుండా ఊరి వాతావరణం అంతా వర్ణించవచ్చును.

పెళ్లిళ్లకు వచ్చిన శుభాకాంక్షల తంతులు పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటవి. తపాలా కార్యాలయంలో ఒక పట్టిక ఉండేది. దీపావళి శుభాకాంక్షలకు ఒక సంఖ్య, వివాహ శుభాకాంక్షలకు ఒక సంఖ్య, సంతానం కలిగితే మరొక సంఖ్య. పంపేవారు చిరునామా, ఆ సంఖ్య, తమ పేరు ఇస్తే చాలును. అవతలి కార్యాలయంలో గుమాస్తా ఆ సంఖ్యకు సంబంధించిన వాక్యం చేర్చి, అందమైన కాగితం మీద అందజేసేవాడు. మారని వాక్యం ఒకచోట భద్రంగా ఉన్నది. మారే పేర్లు మాత్రమే తీగ మీద ప్రయాణం చేసినవి. ఈ పద్ధతిని ఈనాటి కంప్యూటరు పరిభాషలో ‘టెంప్లేటు’ అంటారు. తంతి సేవ 2013 జూలైలో ముగిసిపోయినది గాని, అందులోని ఈ ఉపాయం మాత్రం పోలేదు.

తంతికి ఒక పెద్ద లోపం ఉండేది. మోర్సు సంకేతాలు ఇంగ్లీషు అక్షరాలకు ఏర్పడినవి. తెలుగులో వార్త పంపదలచినవారు ఇంగ్లీషు లిపిలో రాసి ఇవ్వవలసి వచ్చేది. ఈ ఇబ్బంది తంతితో పోలేదు.

పేరు పెట్టి పిలిచిన ఉపగ్రహం

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించారు. అంతకుముందే, 1974లో, విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం వెలసి ఉన్నది. అయినప్పటికీ, కేంద్రంలో తెలిసిన సంగతి పల్లెలో తెలియడానికి తీగలే ఆధారం కావడం, తుపాను గాలికి మొదట తెగేవి ఆ తీగలే కావడం పెద్ద చిక్కు.

1983లో ఇన్శాట్-1బి ఉపగ్రహాన్ని ప్రయోగించారు. ఆ తరువాత కొద్ది ఏండ్లకే ఉపగ్రహం ద్వారా తుపాను హెచ్చరికలు అందించే పద్ధతిని తమిళనాడు, ఆంధ్ర తీరాలలో ప్రారంభించారు. తీర ప్రాంతపు కార్యాలయాలలో ప్రత్యేకమైన గ్రాహక యంత్రాలు అమర్చారు. ప్రతి యంత్రానికీ ఒక సంకేత సంఖ్య. ఏ ప్రాంతానికి ప్రమాదమో ఆ ప్రాంతపు సంఖ్యలను మాత్రమే కేంద్రం పిలుస్తుంది. పిలుపు అందుకున్న యంత్రం తనంతట తానే మేలుకొని సైరను మోగిస్తుంది. తరువాత ప్రాంతీయ భాషలో హెచ్చరిక వినిపిస్తుంది. మిగిలిన ప్రాంతాల యంత్రాలు నిశ్శబ్దంగా ఉంటవి. వార్త ఎవరికి కావలెనో వారికే, వారి భాషలోనే చేరవలెననే సూత్రం ఈ విధంగా మన తీరంలో ఆచరణలోకి వచ్చినది.

కంప్యూటరు తపాలా

ఈ లోగా అమెరికాలో మరొక తపాలా పుట్టినది. 1971లో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు, ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వలలో ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ఉత్తరం పంపాడు. మనిషి పేరును, యంత్రం పేరును విడదీయడానికి ‘ఎట్’ గుర్తును ఎన్నుకున్నాడు. 1982లో జొనాథన్ పోస్టెల్ ఈ తపాలాకు ఒక నియమావళిని ప్రకటించాడు. ఎస్.ఎమ్.టి.పి. అని పిలువబడే ఆ నియమావళి ప్రకారమే ఈనాటికీ ఉత్తరాలు ఒక తపాలా యంత్రం నుండి మరొక దానికి చేరుతున్నవి.

ఇది రెండు యంత్రాల సంభాషణ. పంపే యంత్రం ముందుగా తన పేరు చెప్పుకుంటుంది. పంపినవారెవరో, అందుకోవలసినవారెవరో తెలుపుతుంది. ఆ తరువాత ఉత్తరం అప్పగిస్తుంది. ప్రతి మాటకూ అవతలి యంత్రం మూడంకెల సంఖ్యతో జవాబిస్తుంది. 250 అంటే ‘సరే, తీసుకున్నాను’ అని. నాలుగుతో మొదలయ్యే సంఖ్య వస్తే ‘ఇప్పుడు వీలుకాదు, మరల ప్రయత్నించు’ అని. 550 అంటే ‘ఈ చిరునామా పనికిరాదు’ అని. రేవు స్తంభం మీది పదకొండవ నంబరు వలె, ఇక్కడ కూడ వైఫల్యానికి ప్రత్యేకమైన అంకెలు కేటాయించి ఉన్నవి.

ఉత్తరంలో రెండు భాగాలు ఉంటవి. పైన తలకట్టు: ఎవరి నుండి, ఎవరికి, విషయం, తేదీ. దాని తరువాత ఒక ఖాళీ వరుస. అక్కడి నుండి అసలు విషయం. ఆ ఖాళీ వరుస లేకపోతే తలకట్టు ఎక్కడ ముగిసినదో యంత్రానికి తెలియదు. మనిషి చూసీ చూడనట్లు సర్దుకుపోతాడు, యంత్రం సర్దుకుపోదు.

తెలుగు అక్షరం పడిన పాట్లు

1982 నాటి నియమాలు ఏడు బిట్లతో ఏర్పడే 128 సంకేతాలను మాత్రమే అంగీకరించినవి. వాటిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు ఉన్నవి. తెలుగుకు చోటు లేదు. మోర్సు కాలపు ఇబ్బందియే మరల ఎదురైనది.

రెండు ఉపాయాలు కలిసి ఈ ముడిని విప్పినవి. ఒకటి యూనికోడు. 1991లో వెలువడిన దాని తొలి సంచికలోనే తెలుగు లిపికి 128 స్థానాల గది కేటాయించారు. రెండవది మైము అనే పద్ధతి. 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు దీనిని ప్రకటించారు. ఉత్తరంలో ఎన్ని భాగాలున్నవి, ఏ భాగం మామూలు రాత, ఏది బొమ్మ, ఏది ఏ లిపిలో ఉన్నది, దానిని ఏ విధంగా సంకేతాలుగా మార్చారు అనే సంగతులను చెప్పే అదనపు తలకట్లను వారు కల్పించారు. భాగానికీ భాగానికీ నడుమ ఒక సరిహద్దు గుర్తు ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాము. ‘శ్రీకాకుళం’ అనే మాటలో కంప్యూటరు లెక్క ప్రకారం 10 గుర్తులున్నవి: శ, పొల్లు, ర, ఈకారపు గుడి, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. ఈ మాటనే ఇంగ్లీషు లిపిలో రాసినా పది అక్షరాలే. ఇంగ్లీషు రూపం 10 బైట్లు ఆక్రమిస్తుంది. తెలుగులో ఒక్కొక్క గుర్తుకు, యు.టి.ఎఫ్-8 అనే పద్ధతిలో, 3 బైట్లు కావలెను; కనుక మొత్తం 30 బైట్లు. పాత తపాలా మార్గాలలో ఇవి చెడిపోకుండా ఉండడానికి ప్రతి 3 బైట్లను 4 ఇంగ్లీషు గుర్తులుగా మార్చే ‘బేస్-64’ అనే పద్ధతి వాడుతారు. అప్పుడు మన శ్రీకాకుళం 40 గుర్తులై ప్రయాణం చేసి, గమ్యం చేరగానే తిరిగి పది గుర్తుల తెలుగు మాట అవుతుంది. ఈ మార్పిడులలో ఏ ఒక్కటి తలకట్టులో సరిగా చెప్పకపోయినా, చదువరికి కనిపించేది అర్థం లేని గుర్తుల గుంపు. అది పెళ్లి పిలుపైతే నవ్వుకొని ఊరుకోవచ్చును. తుపాను హెచ్చరికైతే నవ్వుకోలేము.

చేతి ఫోనులకు వచ్చే పొట్టి సందేశాలలోను ఈ తేడా ఉన్నది. ఒక సందేశానికి స్థలం 140 బైట్లు. ఇంగ్లీషులో ఏడేసి బిట్ల చొప్పున 160 అక్షరాలు పడతవి. తెలుగులో గుర్తుకు 16 బిట్లు కావలెను గనుక 70 గుర్తులు మాత్రమే. ‘శ్రీకాకుళం’ అనే ఒక్క మాటతోనే సందేశంలో ఏడవ వంతు నిండిపోతుంది. కనుకనే తెలుగులో హెచ్చరిక రాసేవారు మాటలను ఆచితూచి వాడవలసి ఉన్నది.

అద్దెకు దొరికే తపాలా కార్యాలయం

వందలాది ఉత్తరాలను ఒక్కసారిగా పంపవలసిన సంస్థ, లోగడ తన సొంత తపాలా యంత్రాన్ని నడుపుకోవలసి వచ్చేది. దానిని రాత్రింబగళ్లు కాపాడడం సులభం కాదు. 2010 ప్రాంతం నుండి ఈ పనిని అద్దెకు చేసిపెట్టే సేవలు వెలసినవి. 2011 జనవరిలో అమెజాన్ కంపెనీ ‘సింపుల్ ఈమెయిల్ సర్వీసు’ను ప్రారంభించినది. ఇటువంటి వాటిని ‘క్లౌడ్’ సేవలు, అనగా మేఘసేవలు అంటారు. ఈ మేఘం ఆకాశంలో లేదు. పెద్ద పెద్ద భవనాలలో వరుసలుగా అమర్చిన కంప్యూటర్లే ఇవి. ఆ కంపెనీయే 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలో కూడ ఇటువంటి కేంద్రాలను ప్రారంభించినది.

ఈ సేవలకు ఉత్తరం అప్పగించే మార్గాలు ముఖ్యంగా మూడు. మొదటిది సులభమార్గం: చిరునామా, విషయం, రాత ఇస్తే చాలును, తలకట్లు, సరిహద్దు గుర్తులు సేవయే కట్టిపెడుతుంది. రెండవది టెంప్లేటు మార్గం: ఖాళీలున్న నమూనా ఉత్తరాన్ని ముందుగా దాచి ఉంచి, తరువాత ఖాళీలలో నింపవలసిన పేర్ల పట్టిక మాత్రమే పంపడం. మూడవది ముడి ఉత్తరపు మార్గం: మైము నియమాల ప్రకారం ఉత్తరం మొత్తాన్ని మన ప్రోగ్రామే కట్టి ఇవ్వడం. పటాలు జతపరచవలెనన్నా, ప్రత్యేకమైన తలకట్లు చేర్చవలెనన్నా ఈ మార్గంలో పూర్తి స్వేచ్ఛ ఉన్నది. తప్పు జరిగితే బాధ్యత కూడ పూర్తిగా మనదే.

పార్వతీపురంలోని ఒక ఉన్నత పాఠశాల 600 మంది తల్లిదండ్రులకు వారి పిల్లల మార్కులు తెలియజేయవలెననుకుందాము. నమూనా ఒక్కటే. పేరు, తరగతి, మార్కులు అనే ఖాళీలు మాత్రమే ఉత్తరం ఉత్తరానికీ మారుతవి. ప్రోగ్రాము పట్టికలో ఒక్కొక్క వరుసను చదివి, ఖాళీలు నింపి, సేవకు అప్పగిస్తుంది. పట్టికలో ఒక వరుస జరిగిపోయినదంటే ఒకరి మార్కులు ఇంకొకరి ఇంటికి పోతవి. యంత్రం ఆరువందల ఉత్తరాలను ఎంత వేగంగా పంపుతుందో, ఆరువందల పొరపాట్లను కూడ అంతే వేగంగా పంపుతుంది. అందుచేత ముందుగా తమ సొంత చిరునామాకే పంపి చూసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి.

హైదరాబాదులో 1999లో నెలకొల్పిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం చేసే పని కూడ సూత్రరీత్యా ఇటువంటిదే. సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పచ్చదనాన్ని ఉపగ్రహాలు కొలుస్తవి. ఆ కొలతలను బట్టి చేపలు సమృద్ధిగా దొరకగల చోట్లను గుర్తించి, ఒక్కొక్క రేవు నుండి ఏ దిశగా, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతులో అనే వివరాలను తెలుగుతో సహా తీరభాషలలో అందిస్తున్నారు. వాక్యం అదే, రేవును బట్టి దిశ, దూరం, లోతు మారుతవి.

ఉత్తరాన్ని నమ్మేది ఎట్లా?

సులభంగా పంపగలిగిన దానిని దుర్వినియోగం చేయడమూ సులభమే. 1978 మే 3వ తేదీన ఒక కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి సుమారు 400 మందికి అడగని ప్రకటనను ఒకేసారి పంపాడు. అవాంఛిత తపాలాకు అదే ఆది అని చెబుతారు. పాత నియమావళిలో పంపినవాడు తన పేరు ఏమని చెప్పుకున్నా యంత్రం నమ్మేది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి పూర్వం రాజులు లేఖలపై ముద్ర వేసినట్లు, ఉత్తరానికి గణితపరమైన ముద్ర వేసే డికిమ్ అనే పద్ధతిని 2007లో ప్రమాణంగా ప్రకటించారు. ముద్ర వేసే తాళపుచెవి పంపేవారి దగ్గర రహస్యంగా ఉంటుంది. దానిని సరిచూసే తాళపుచెవి బహిరంగంగా ఉంటుంది. ఉత్తరంలో ముద్ర వేసిన భాగంలో ఒక్క అక్షరం మారినా ముద్ర పొసగదు.

మేఘసేవలు కూడ తమ మంచిపేరు కాపాడుకుంటవి. అమెజాన్ సేవలో, తిరిగివచ్చే ఉత్తరాలు నూటికి 5 చేరితే ఆ ఖాతాను సమీక్షకు పెడతారు. చిరునామాల పట్టికను శుభ్రంగా ఉంచుకోనివాని ఉత్తరాలను ఎవరూ అంగీకరించరు.

ప్రమాద హెచ్చరికలకు ఇంకొక కట్టుదిట్టం అవసరమైనది. 2004లో ‘కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్’ అనే నమూనాను ప్రమాణంగా ప్రకటించారు. ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, ఏ భాషలో, ఏ ప్రాంతానికి, ప్రమాదం ఎంత తీవ్రం, ఎంత సమీపం, ఎంత నిశ్చయం అనే గళ్లు అందులో ఉన్నవి. ఇది నిజమైన హెచ్చరికయా, కేవలం అభ్యాసమా అని తెలిపే గడి కూడ ఉన్నది. ఒకసారి ఈ గళ్లు నింపితే, ఆ సమాచారాన్నే ఈమెయిలుగా, ఫోను సందేశంగా, రేడియో ప్రకటనగా యంత్రాలు మలచుకోగలవు. మన దేశంలో ‘సచేత్’ అనే హెచ్చరికల ఏర్పాటు ఈ నమూనాపైనే నడుస్తున్నది.

తీరం దాటిన తరువాత

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినది. గాలివేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనవి. విద్యుత్తు, ఫోను సంబంధాలు తెగిపోయినవి. 2021 సెప్టెంబరు 26వ తేదీ సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నానికి సుమారు 20 కిలోమీటర్ల ఉత్తరాన తీరం దాటినది. ఆ వేళ సముద్రం మీదనే ఉన్న శ్రీకాకుళం జిల్లా మత్స్యకారుల పడవ ఒకటి అలలకు చిక్కి ప్రాణనష్టం జరిగినది.

ఎంత చక్కని రూపంలో ఉన్నా, ఎంత గట్టి ముద్ర వేసినా, ఫోను సంకేతాలు తీరం నుండి 10, 12 కిలోమీటర్లు దాటితే అందవు. ఈ కొరత తీర్చడానికే 2019లో ‘జెమిని’ అనే చిన్న గ్రాహక యంత్రాన్ని ప్రవేశపెట్టారు. అది ఉపగ్రహం నుండి హెచ్చరికను అందుకొని, పడవలోని ఫోనుకు అందిస్తుంది. అయితే దానికి తిరిగి జవాబు పంపే శక్తి లేదు. ‘నీ హెచ్చరిక నాకు చేరినది’ అని పడవ నుండి చెప్పే 250వ అంకె అక్కడ లేదు. మనం మొదట చెప్పుకున్న మూడు సమస్యలలో రూపం, చిరునామా అనే రెండింటిని చాల వరకు జయించినాము. మూడవది, చేరినదో లేదో తెలుసుకోవడం, సముద్రం మీద ఇంకా మిగిలే ఉన్నది.

అందువల్లనే ఈనాటికీ కళింగపట్నంలో నంబరు ఎగురుతున్నది. పల్లెలలో మైకు పట్టుకొని వీధి వీధి తిరిగి చెబుతున్నారు. ఎవరి నావ ఇంకా తిరిగి రాలేదో కనుక్కునేది కూడ ఆ తిరిగేవారే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చును. నల్లబల్లపై ఖాళీలున్న హెచ్చరిక ఒకటి రాసి, అయిదు ఊళ్ల పట్టిక ఇచ్చి, అయిదుగురు విద్యార్థుల చేత నింపించండి. ఒక గడిని కావాలనే ఖాళీగా వదలండి. ఆ ఖాళీని చూసి ఆగి అడిగే విద్యార్థి ఎవరో గమనించండి. ఖాళీ ఉన్నప్పుడు ఏమి చేయవలెనో ముందుగా చెప్పకపోతే, యంత్రం మాత్రం ఆగి అడగదు.